పక్కగది మాటలు

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. మన ఫొటోల మెకానిక్ ఒక వినికిడి కేంద్రంలో కంప్యూటర్లు బాగుచేసే మనిషి. ఏ అమరిక మార్చినా ముందు దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటాడు కాబట్టి అక్కడివాళ్లు ఆ పేరు పెట్టారు. అతడి భార్య దర్జీ. ఇరవై తొమ్మిదో ఏట వచ్చిన జ్వరం ఆమె ప్రాణం వదిలేసి చెవులు తీసుకుపోయింది. ఆరేళ్ల కిందట ఇంప్లాంట్ పెట్టారు. తల లోపల ఒక ముక్క ఉంటుంది, చెవి వెనక తగిలించుకునే మిషన్ ఒకటి ఉంటుంది. పోయిన నెల ఆ బయటి మిషన్ బట్టలు నానబెట్టిన బకెట్‌లో పడి పాడైపోయింది. అప్పటినుంచి ఆమెకు మళ్లీ పూర్తి చెవుడు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటోంది.

కొత్త మిషన్ వచ్చింది. కానీ దానంతట అది పనిచేయదు. ఏ శబ్దానికి నరాన్ని ఎంత తట్టాలో చెప్పే అంకెల పట్టిక ఒకటి అందులోకి ఎక్కించాలి. దాన్ని మ్యాప్ అంటారు, ఒకరిది ఒకరికి పనికిరాదు. ఆమె మ్యాప్ ఉన్నది కేంద్రంలోని పాత కంప్యూటర్‌లో. కొత్త మిషన్‌కేమో కొత్త సాఫ్ట్‌వేర్ కావాలి. ఆ కొత్త సాఫ్ట్‌వేరేమో కంప్యూటర్‌లో రెండోతరం సెక్యూరిటీ చిప్, గుర్తుపట్టినదాన్నే మొదలుకానిచ్చే సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో ఉంటే తప్ప ఎక్కనంటుంది. వేరే కంప్యూటర్ తెప్పిద్దామని అందరూ అన్నారు. మనవాడు వింటేగా? పాతదైనా రాయిలా ఉంది, దీంట్లోనే ఎక్కించి చూపిస్తానన్నాడు. నిన్న సాయంత్రం రెండూ ఆన్ చేశాడు, తెర నల్లబడింది. పోయిన వారం కథ ఆపినప్పుడు మనం అతణ్ని ఆ నల్లతెర ముందు వదిలేసి వచ్చాం.

ఇవాళ పొద్దున తొమ్మిదింటికల్లా మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాడు. పక్కన కొత్తమ్మాయి నిలబడి ఉంది. కేంద్రానికి ఇప్పుడు పెద్ద ఆమే. చేరి రెండేళ్లయినా అందరి నోటా ఇంకా కొత్తమ్మాయే. బయట వరండా బెంచీ మీద అతడి భార్య కూర్చుంది. కొత్త మిషన్ ఉన్న పెట్టె ఒళ్లో పెట్టుకుని, మూత తీసి చూడటం, మళ్లీ మూయడం, ఇదే పని.

తెర నల్లబడినంత మాత్రాన భయపడే రకం కాదతడు. తెరకు బొమ్మ పంపే డిస్‌ప్లే కార్డు బాగా పాతది, సెక్యూర్ బూట్ ఆన్ చేశాక దానికి నోరు పెగలదు. కార్డు పీకేసి, తెర వైరు బోర్డుకున్న సాకెట్‌లోనే నేరుగా గుచ్చాడు. తెర వెలిగింది. బూట్ చేయడానికి డిస్కు ఏదీ దొరకలేదని ఒకే ఒక్క వాక్యం కనిపించింది.

దానికీ అతడు బెదరలేదు. ఆ డిస్కును ఎన్నో ఏళ్ల కిందట పాత పద్ధతిలో విభజించారు. సెక్యూర్ బూట్ కొత్త పద్ధతి తప్ప ఒప్పుకోదు. గేటు దగ్గర కొత్తగా వచ్చిన కాపలావాడు పాత గుర్తింపు కార్డు చెల్లదన్నట్టు అన్నమాట. లోపల డిస్కు నిక్షేపంగా ఉంది, కేవలం గుర్తుపట్టడం లేదు, అంతే. ఈ మాటే కొత్తమ్మాయికి ఓపిగ్గా చెప్పాడు. ముందు అన్నీ మునుపున్నట్టు పెట్టేస్తాను, కంప్యూటర్ తెరుచుకున్నాక మ్యాపులన్నీ వేరేచోటికి దించుకుందాం, ఆ తర్వాత తీరిగ్గా డిస్కును కొత్త పద్ధతికి మారుద్దాం అన్నాడు. అసలు చేయాల్సిన వరస అదే. నిన్ననే ఆ వరసలో చేసి ఉంటే ఈ కథే లేదు. అయితే మన మనిషికి భార్య చెవి మీద ఉన్న ఆత్రం, చేతి మీద ఉన్న నమ్మకం రెండూ కలిసి కొంప ముంచాయి.

ఫోన్ తీశాడు. నిన్న తీసిన ఫొటోలు ఏడు. మొదటి ఫొటో చూసి సెక్యూర్ బూట్ ఆఫ్ చేశాడు. రెండోది చూసి పాత పద్ధతి మళ్లీ ఆన్ చేశాడు. మూడోది, నాలుగోది, డిస్కుల వరస, గడియారం, అన్నీ ఒక్కొక్కటే చూసి పెట్టాడు. చిప్‌ను రెండోతరం నుంచి మళ్లీ మొదటి తరానికి మార్చాడు. ఏడో ఫొటోకూ తెరకూ వెంట్రుకవాసి తేడా లేదని కొత్తమ్మాయికి కూడా చూపించి, సేవ్ నొక్కి, కంప్యూటర్‌ను మళ్లీ మొదలుపెట్టాడు.

బొమ్మ వచ్చింది. బొమ్మ కింద చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాయి. అతడికి పోయిన ప్రాణం లేచొచ్చింది. గాజుతలుపులోంచి వరండా వైపు చూసి బొటనవేలు పైకెత్తాడు. భార్య చటుక్కున లేచి నిలబడింది.

అప్పుడు తెరంతా నీలంగా మారింది. ఈ డిస్కుకు తాళం వేసి ఉంది, తెరవాలంటే నలభై ఎనిమిది అంకెల రికవరీ కీ కొట్టండి అని వచ్చింది.

డిస్కుకు తాళం ఉందన్న సంగతే అతడికి తెలియదు. కొత్తమ్మాయికీ తెలియదు. ఇన్నాళ్లూ ఆ తాళం ఎవరినీ ఏమీ అడగలేదు, ఎందుకంటే దాని తాళంచెవి సెక్యూరిటీ చిప్‌లోనే ఉంది. రోజూ పొద్దున కంప్యూటర్ ఆన్ చేయగానే చిప్ తనంతట తానే తాళం తీసేది, ఎవరికీ తెలిసేది కాదు. నిన్న సాయంత్రం మనవాడు చిప్‌ను మొదటి తరం నుంచి రెండోతరానికి మార్చేటప్పుడు తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. చిప్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, సరేనా అని అడిగింది. అలాంటి హెచ్చరికలు అతడు రోజుకు ఇరవై చూస్తాడు. దానిక్కూడా ఫొటో తీసుకుని మరీ సరే నొక్కాడు.

అదే ఆరో ఫొటో. దాన్ని ఇప్పుడు తెరిచి పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. అమరికలకు ఫొటో ఉంది, హెచ్చరికకూ ఫొటో ఉంది, చిప్ కడుపులో ఉన్నదానికి మాత్రం లేదు. చెరిపింది మళ్లీ రాయడం ఈ భూమ్మీద ఎవరి తరమూ కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

అయినా ఆశ చావదు కదా. లోపల రెండో డిస్కు ఉంది. మొదటి దాంట్లో ఏది రాస్తే అది రెండోదాంట్లోనూ రాసుకునేలా అయిదేళ్ల కిందట తానే బిగించాడు. ఇదుంటే ఇంక బ్యాకప్ దేనికి, దండగ అని అప్పట్లో అందరికీ ధీమాగా చెప్పింది కూడా తానే. దాన్ని విప్పి వేరే కంప్యూటర్‌కు తగిలించాడు. అదే నీలం తెర, అవే నలభై ఎనిమిది గళ్లు. మొదటిదానికి తాళం వేస్తే రెండోదానికి పడకుండా ఉంటుందా?

సాఫ్ట్‌వేర్ కంపెనీ సహాయకేంద్రానికి ఫోన్ చేశాడు. అవతలి మనిషి చాలా మర్యాదస్తుడు. కీ ప్రింట్ తీసుకున్నారేమో వెతకండి, తాళం వేసినవాళ్లను అడగండి, ఎవరి దగ్గరా లేకపోతే మా దగ్గరా ఉండదు, ఇంకెవరి దగ్గరా ఉండదు అని మెల్లగా చెప్పాడు. ఇంకా ఏదైనా సాయం కావాలా అని కూడా అడిగాడు.

ఫోన్ బల్ల మీద పెట్టి మెకానిక్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. పాతికేళ్లుగా ఇదే పని. ఎన్ని యంత్రాలు, ఎంతమంది ఏడుపులు చూశాడు. పోయిందండీ, ఇంక రాదు అని ఎంతమందికి తాపీగా చెప్పాడు. ఇప్పుడు ఆ మాట తనకు తాను చెప్పుకోవాల్సి వచ్చింది.

మ్యాప్ మొదటినుంచి కొత్తగా చేయలేమా అని కొత్తమ్మాయినే అడిగాడు. చేయవచ్చు అంది, కానీ కళ్లెత్తి చూడలేదు. ఆమె మ్యాప్ తయారవడానికి నాలుగేళ్లు పట్టింది. లోపలి ముక్కలో ఇరవై రెండు మొనలున్నాయి. వాటిలో ఆరు నరానికి తగలాల్సిన చోట తగలక, బుగ్గ కండరాన్ని లాగేవి. ఒకటి ఆన్ చేస్తే సగం ముఖం చెవి వైపు గుంజుకుపోయి నొప్పితో కేకపెట్టేది. ఆ ఆరూ ఏవేవో కనిపెట్టి, వాటిని మూసేసి, మిగతావాటిని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయారు. ఆ లెక్కంతా తాళం లోపల ఉండిపోయింది. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టడమంటే ఇరవై రెండింటినీ ఒక్కొక్కటే ఆన్ చేసి, ఏది పొడుస్తుందో ఆమె ముఖం చూసి తెలుసుకోవడమే. పైగా ఇంకో ముప్ఫై ఒక్కమంది మ్యాపులు కూడా అందులోనే ఉన్నాయి. వాళ్ల మిషన్లు పాడవలేదు కాబట్టి వాళ్లకింకా తెలియదు.

అతడు వరండాలోకి వచ్చాడు. ఎక్కిందా అని అడిగింది భార్య. తన గొంతు తనకు వినపడదు కాబట్టి కాస్త గట్టిగానే అడిగింది. వరండాలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు. అతడు గోడకేసి చూశాడు. చెవులు లేని మనిషి దగ్గర ముఖం తిప్పుకోవడమంటే తలుపు వేసుకోవడమే. ఆ సంగతి అతడికంటే బాగా తెలిసినవాళ్లు ఎవరుంటారు? ఆమె లేచి, గడ్డం పట్టుకుని అతడి ముఖం తనవైపు తిప్పుకుంది. చెప్పక తప్పలేదు. డిస్కుకు ఎవరో తాళం వేశారు, తాళంచెవి నేను చెరిపేశాను అన్నాడు. ఆమె చాలాసేపు అతడి పెదాలనే చూసింది, ఇంకో మాట ఏదైనా వస్తుందేమోనని.

ఎవరు వేశారని అడిగింది. లోపలినుంచి వచ్చిన కొత్తమ్మాయి, నాకు ముందున్న డాక్టరమ్మే వేయించి ఉంటారు, ఆవిడ తప్ప ఇంకెవరున్నారు అంది.

డాక్టరమ్మ పేరు వినగానే మెకానిక్ ముఖంలో ఉన్న కాస్త నెత్తురూ పోయింది. ఆవిడ రిటైరై రెండేళ్లయింది. ఇల్లు పది నిమిషాల దూరం. నువ్వు ఇంటికెళ్లు, నేను వెళ్లి అడిగి వస్తానన్నాడు భార్యతో. ఎండగా ఉందన్నాడు, కుట్టాల్సిన బట్టలున్నాయన్నాడు, ఆవిడకు ఒంట్లో బాగుండదు ఇద్దరం పోతే బాగుండదన్నాడు. మూడు కారణాలు చెప్పినవాడి దగ్గర అసలు కారణం నాలుగోది ఉంటుంది. ఆమె అప్పటికే చెప్పులేసుకుంది.

డాక్టరమ్మ ముందుగదిలో కుర్చీలు వేసిన తీరే వేరు. వచ్చినవాళ్లలో చెవిటివాళ్లు వెలుతురుకు వీపుపెట్టి కూర్చోవాలి, మాట్లాడేవాళ్లు కిటికీ వెలుగు ముఖాన పడేలా కూర్చోవాలి. అప్పుడే పెదాలు స్పష్టంగా కనిపిస్తాయి. నలభై ఏళ్ల అలవాటు, ఉద్యోగం పోయినా పోలేదు. ఆవిడ భార్యాభర్తలిద్దర్నీ చూసి, భార్య చెయ్యి పట్టుకుని తన కుర్చీకెదురుగా కూర్చోబెట్టింది. అతడు ఒక పక్కగా బల్ల అంచున కూర్చున్నాడు, తేలు కుట్టిన దొంగలా.

జరిగిందంతా చెప్పాడు. నీలం తెర ఫొటో కూడా చూపించాడు. ఆవిడ కళ్లజోడు పైకెత్తి చూసి, ఫోన్ తిరిగిచ్చేసింది. ఆశ్చర్యపోలేదు. కీ మీ దగ్గర ఉందా అని అడిగాడు. ఆవిడ దానికి జవాబు చెప్పకుండా వేరేదానికి చెప్పింది.

"ఆ తాళం నేనే వేయించాను నాయనా. నీ చేతికి అందకూడదని వేయించాను."

భార్య ఇద్దరివైపూ మార్చిమార్చి చూసింది. ఎందుకని అడిగింది.

"నువ్వు చెప్తావా, నేను చెప్పనా?" అంది డాక్టరమ్మ.

అతడు లేచాడు. లేచి నడిచి సరిగ్గా ఇద్దరి మధ్యకు వచ్చి, భార్యకు వీపుపెట్టి నిలబడ్డాడు. వద్దండీ, ఆమె ముందు వద్దు, మీ కాళ్లు పట్టుకుంటాను, కీ ఇచ్చేయండి, ఆమెకు మళ్లీ వినపడనివ్వండి, ఆ తర్వాత నన్ను ఏం చేసినా సరే అన్నాడు. వెనక కుర్చీ కాళ్లు నేల మీద గీసుకున్న చప్పుడు వినిపించింది. భార్య కుర్చీని పక్కకు లాక్కుంది. డాక్టరమ్మ కూడా మెడ వంచి, అతడి భుజం పక్కనుంచి తన ముఖం ఆమెకు కనిపించేలా కూర్చుంది. పేషెంటుకు కనపడకుండా పెదాలు దాచి మాట్లాడటం ఆవిడకు చేతకాదు.

చెప్పింది. నాలుగేళ్ల కిందట, నీకు వినికిడి తగ్గుతోందని ఏడుస్తూ వచ్చావు, గుర్తుందా తల్లీ అని మొదలుపెట్టింది. నరం చచ్చిపోతోందేమోనని నేనూ భయపడ్డాను. పరీక్షలన్నీ చేయించాను, అన్నీ బాగున్నాయి. చివరికి నీ మ్యాప్ తెరిచి తేదీలు చూశాను. అప్పటికి మూడు నెలల ముందు ఒక ఆదివారం దాన్ని ఎవరో మార్చారు. ఆదివారాలు కేంద్రానికి సెలవు. కంప్యూటర్ల దుమ్ము దులపడానికి వచ్చే మీ ఆయన తప్ప ఇంకెవరూ రారు. నీ మిషన్ శుభ్రం చేసి తెస్తానని నీ దగ్గర తీసుకెళ్లేవాడు కదా. ఎదురుగా కూర్చుని మాట్లాడితే వినపడాలి, పక్కగదిలో మాట వినపడకూడదు. సరిగ్గా అంతే తగ్గించాడు. పని మాత్రం చక్కగా చేశాడు, నేను పక్కన కూర్చుని నేర్పినా అంత చక్కగా వచ్చేది కాదు.

భార్య చేతులు ఒళ్లోని పెట్టె మీద అలాగే ఉన్నాయి.

ఆ మూడు నెలలూ ఎలా గడిచాయో మెకానిక్‌కు తెలుసు. కుళాయి కింద గిన్నె పెట్టి, చుక్క పడిన చప్పుడు వినపడుతుందో లేదోనని ఆమె దాని పక్కనే కూర్చునేది. ఒక అడుగు దూరం జరిగేది, మళ్లీ జరిగేది. మూడో అడుగుకు వినపడక ముఖం మోకాళ్లలో దాచుకునేది. పదకొండేళ్ల చెవుడు తర్వాత దక్కిన చెవి మళ్లీ పోతోందని, ఈసారి పోతే ఇంక తట్టుకోలేనని అతడి భుజం మీద తల ఆనించి ఏడ్చేది. అతడు ఆమె కన్నీళ్లు తుడిచేవాడు. పోతే పోయింది, నేను లేనా అని ఓదార్చేవాడు. ఆ మాట అన్నందుకు ఇవాళ అతడికి తన నాలుక కోసుకోవాలనిపించింది. పాపం చేసినవాడు పశ్చాత్తాపపడితే పాపం సగం తగ్గుతుందంటారు. ఎవరన్నారో గానీ, వాళ్లు ఆ గదిలో కూర్చుని ఆమె ముఖం చూసి ఉండరు.

"ఎందుకు తగ్గించారు?" అంది భార్య. ఈసారి గొంతు గట్టిగా లేదు, అసలు వచ్చిందో రాలేదో ఆమెకే తెలియనంత మెల్లగా ఉంది.

అమ్మ కోసం అన్నాడు. అమ్మ అంటే అతడి తల్లి, పోయి రెండేళ్లయింది. అప్పట్లో పక్కగదిలో ఉండేది. పదకొండేళ్లు కోడలికి చెవులు లేవు కాబట్టి ఏది తోస్తే అది, ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా మాట్లాడే అలవాటు ముసలావిడకు. కోడలికి చెవులొచ్చినా ఆ అలవాటు పోలేదు. చెవిటిమాలోకం అనేది, నా కొడుకు మెడకు బండ కట్టారు అనేది. కుట్టుమిషన్ ఆగిందంటే భార్య వింటోందని అతడికి అర్థమయ్యేది. ఇంట్లో గొడవలు కాకూడదని, నువ్వు బాధపడకూడదని, రెండు వారాలు తగ్గిద్దామనుకున్నాను, తర్వాత పెంచుదామనుకున్నాను అని చెప్పుకొచ్చాడు. వింటున్నారుగా? తల్లి నోరు మూయించడం చేతకానివాడు పెళ్లాం చెవులు మూశాడు. ఇంతకంటే సులువైన దారి ఎవరికైనా దొరుకుతుందా?

డాక్టరమ్మ తన తప్పు కూడా ఒప్పుకుంది. అప్పుడే నీకు చెప్పాల్సింది తల్లీ, మీ కాపురం కూలిపోతుందని భయపడి నోరు మూసుకున్నాను అంది. మ్యాప్ సరిచేసి, బయటినుంచి మనిషిని పిలిపించి డిస్కుకు తాళం వేయించింది. అప్పటినుంచి ఫ్యాన్లు, ప్రింటర్లు, దుమ్ము తప్ప లోపలి పని మెకానిక్‌కు ఇవ్వలేదు. అతడేమో, కేంద్రంలో పద్ధతులు మారాయి కాబోలు అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

కీ ఉందా లేదా, అది చెప్పండి అన్నాడు అతడు, దాదాపు ఏడుస్తూ.

ఉంది అంది ఆవిడ. ప్రింట్ తీసిన కాగితం ఒక్కటే, ఇంకో ప్రతి లేదు. కవరులో పెట్టి అంటించి, ఇది నీ చెవికి సంబంధించింది, నేను గానీ నా తర్వాత వచ్చేవాళ్లు గానీ అడిగితే తప్ప ఎవరికీ ఇవ్వకు, ఇంట్లోవాళ్లకు కూడా చూపించకు అని చెప్పి ఒకరికి ఇచ్చింది. ఆ మనిషి ఇప్పుడు ఆవిడకు ఎదురుగా కూర్చుని ఉంది.

భార్యకు గుర్తుకొచ్చింది. అది ఆసుపత్రి కాగితమేదో అనుకుని భద్రంగా దాచింది. ఎప్పుడూ విప్పలేదు. ఇంట్లోనే ఉంది.

ఎంత సిగ్గులేనిదండీ మనిషి ప్రాణం. ఇంత జరిగాక కూడా మెకానిక్‌కు ఒక్కసారిగా ఒంట్లోకి బలం వచ్చింది. కాగితం ఉంది. నలభై ఎనిమిది అంకెలు కొడితే అయిపోతుంది. మ్యాప్ వస్తుంది, ఆమెకు చెవులొస్తాయి, ఆ ముప్ఫై ఒక్కమందీ గట్టెక్కుతారు. పద, ఇంటికి పోదాం అని ఆమెకు ఎదురుగా వచ్చి, కిటికీ వెలుగు ముఖం మీద పడేలా నిలబడి, పెదాలు స్పష్టంగా కదిలిస్తూ చెప్పాడు.

ఆమె లేవలేదు. ఒళ్లోంచి పెట్టె తీసి పక్కనున్న బల్ల మీద పెట్టింది.

"కూర్చోండి" అంది. "నేను వినకూడదని మీరు దాచిన మాటలున్నాయి కదా. అవన్నీ నాకు చెప్పండి. ఒక్కటి కూడా వదలకుండా చెప్పండి. కాగితం సంగతి తర్వాత."

అందరి చెవులూ ఆ కాగితం మీద ఆధారపడి ఉన్నాయని డాక్టరమ్మ చెప్పబోయింది. ఆమె ఆవిడవైపు చూడలేదు. చూడకపోతే వినపడదు.

అతడు కూర్చున్నాడు. అమ్మ అన్న మాటలు చెప్పడం కష్టమే, అయినా చెప్పగలడు. పోయిన మనిషి, ఎంత నింద పడినా లేచి వచ్చి కాదనదు. కానీ ఆ గదిలో అమ్మ గోడలతో మాట్లాడలేదు. అమ్మ అడిగేది, ఇతడు బదులు చెప్పేవాడు. ఒకరోజు అమ్మ ఒక ప్రశ్న అడిగింది. ఈ చెవిటిదాంతోనే బతుకంతా ఈడుస్తావా, ఇంకో దారి చూసుకోవా అని అడిగింది. దానికి అతడు ఒక మాట అన్నాడు. అన్న మరుక్షణం గోడ అవతల కుట్టుమిషన్ ఆగింది. ఆ మర్నాడే కేంద్రానికి వెళ్లి శబ్దం తగ్గించాడు. అమ్మ కోసం కాదు. అలాంటి మాట తన నోట ఇంకోసారి వస్తే ఆమె వినకూడదని తగ్గించాడు. ఇది అతడు ఇంతవరకు తనకు తాను కూడా చెప్పుకోలేదు.

మెల్లగా నోరు తెరిచాడు. అమ్మ నిన్ను చెవిటిమాలోకం అనేది అని మొదలుపెట్టాడు.

భార్య చెయ్యెత్తి ఆపింది.

"అక్కణ్నుంచి కాదు" అంది. "మీరు తగ్గించింది ఆదివారం. ముందురోజు శనివారం. ఆరోజు నాకు అన్నీ బాగానే వినపడ్డాయి. శనివారం నుంచి మొదలుపెట్టండి."